ఒకే తీగ – అనేక తరంగములు
(సంఘ ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పంచాంగ శ్రవణమునకు, పిల్లల నాటికకు నడుమ రేడియో తీగల మీద ఉపన్యాసమేమిటని తమకు తోచవచ్చును. మాకును అట్లే తోచినది. కాని కార్యదర్శిగారు “ఆ తుపాను రాత్రి సంగతి, మీ మేడమీది తీగ సంగతి నలుగురికీ చెప్పవలసినదే” అని పట్టుబట్టినారు. పెద్దల మాట కాదనలేక నిలుచున్నాము. మేము ఇంజనీర్లము కాము. రైల్వేలో గుమాస్తా పని మాది. చదివినది పదవ తరగతి. చదువుకున్నవారు సభలో చాలమంది ఉన్నారు. మా మాటలలో తప్పులున్న దిద్ది, ఒప్పులున్న గ్రహింప ప్రార్థన.

ముందుగా ఈ తీగ మా మేడ మీదికి ఎందుకు వచ్చినదో చెప్పెదము.

2015 డిసెంబరు మొదటి వారమున ఈ పట్టణమును వరద ముంచినది తామెవ్వరును మరచి యుండరు. అడయారు పొంగినది, కరెంటు పోయినది, సెల్‌ఫోనులు మూగవోయినవి. మా అమ్మ బిట్రగుంటలో ఉన్నది. మా నాయనగారు అక్కడి రైల్వే కాలనీలో బ్రతుకంతయు గడపినవారు. ఆయన పోయిన తరువాత కూడ అమ్మ ఆ ఊరు విడువలేదు. ఇక్కడికి రమారమి 210 కిలోమీటర్లు. టీవీలో మద్రాసు నీళ్లలో ఉన్నట్లు ఆమె చూచుచున్నది. కొడుకు ఫోను మోగుట లేదు. రెండు దినములు గడచి మూడవనాడు ఫోను కలిసినప్పుడు అమ్మ ఒక్క మాట మాటలాడలేదు, ఏడ్చినది. మేము క్షేమముగానే ఉన్నాము. మా వీథిలో మోకాలిబంటి నీరే. ఆ సంగతి చెప్పుటకు దారి లేకపోయినది, అంతే. “క్షేమము” అను మూడక్షరముల మాట రెండు వందల కిలోమీటర్లు దాటించలేకపోయితిమే అన్న బాధ మమ్ములను చాల కాలము విడువలేదు.

ఆ బాధలో ఉండగా నెల్లూరు నుండి మా పాత సైన్సు మాస్టారు వచ్చినారు. ఆయన పింఛను పుచ్చుకొన్న తరువాత హామ్ రేడియో పట్టినవారు. హామ్ అనగా లైసెన్సు పొంది, సొంత వినోదమునకును విజ్ఞానమునకును, లాభాపేక్ష లేక, ఒకరితో ఒకరు రేడియోలో మాటలాడుకొనువారు. నడుమ స్తంభములు, టవర్లు, కంపెనీలు ఏమియు లేవు. ఈ కొనను ఒక తీగ, ఆ కొనను ఒక తీగ, నడుమ ఆకాశము. మాస్టారు చెప్పిన ఒక సంగతి మా మనస్సులో నాటుకొన్నది. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వారి బృందము, భారతీ ప్రసాద్‌గారి నాయకత్వమున, అండమానులో ప్రపంచపు హామ్‌లతో మాటలాడుటకు పోర్టుబ్లెయిరుకు వెళ్లి యుండినది. వెళ్లినది సరదాకు. డిసెంబరు 26న సునామీ వచ్చి దీవులకు మిగిలిన దారులన్నియు తెగినప్పుడు, ఆ సరదా సెట్లే ఎందరి క్షేమసమాచారములకో వారధి అయినవి.

ఈ విద్యకు మన పట్టణము పరాయిది కాదు. ఈ దేశమున రేడియో ప్రసారములు ఆరంభించిన మొదటివారిలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఒకటి. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో 1924 మే నెలలో అది పుట్టినది. జూలై 31న 40 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుతో పాటలు, మాటలు గాలిలోనికి వదలినది. డబ్బు చాలక 1927లో ఆగిపోయినప్పుడు సెట్టును మద్రాసు కార్పొరేషనునకు అప్పగించినారు. 1930 నుండి కార్పొరేషనువారే ప్రసారములు నడిపినారు. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము 1938లో వచ్చినది. విజయవాడ కేంద్రము తెరచుట 1948 డిసెంబరులో. అనగా పదేండ్ల కాలము ఆంధ్ర జిల్లాలవారి చెవులకు రేడియోలో తెలుగు మాట ఈ మద్రాసు తీగల నుండియే వచ్చినదన్నమాట. వలస వచ్చిన మనకు ఈ మాట తలచుకొన్నప్పుడు కొంచెము ధైర్యము కలుగును.

సరే, పరీక్షకు చదివినాము. పగలు ఆఫీసు, రాత్రి పుస్తకము. పదవ తరగతి భౌతికశాస్త్రమును మరల మొదటినుండి చదువవలసి వచ్చినది. తప్పినాము, మరల కూర్చున్నాము, నెగ్గినాము. లైసెన్సు చేతికి వచ్చుటకు మరికొంత కాలము పట్టినది. వాడిన సెట్టు ఒకటి అప్పు చేసి కొన్నాము. అప్పుడు ఎదురైనది అసలు చిక్కు – తీగ.

మేము పెరంబూరులో అద్దె ఇంటిలో ఉన్నాము. ఇంటి యజమానురాలు వృద్ధురాలు, మంచి మనిషి, అయినను నిక్కచ్చి. మేడ మీద తీగలు కట్టుకొందుమని అడుగగా ఆమె చాలసేపు ఆలోచించి, “ఒక్క తీగ అయిన కట్టుకో నాయనా. రెండవది కనబడితే నీవు వేరే ఇల్లు చూచుకో” అన్నది. ఆమె తప్పేమియు లేదు. మేడ అందరిది; వడియాలు ఎండవలెను, బట్టలు ఆరవలెను, పిల్లలు గాలిపటములు ఎగురవేయవలెను.

ఇక్కడ ఒక్క తీగతో ఏమి చిక్కో చెప్పవలెను. హామ్‌లకు ప్రభుత్వము ఒక్క తరంగము కాదు, అనేక బ్యాండులు ఇచ్చినది – 3.5, 7, 14, 21, 28 మెగాహెర్ట్జులు మొదలైనవి. ఎందుకన, ఆకాశము అన్ని వేళల ఒక్క రీతిగా ఉండదు. భూమికి వందలాది కిలోమీటర్ల ఎత్తున సూర్యరశ్మి వలన ఏర్పడిన విద్యుత్పొరలు కలవు. మన తరంగములు వాటికి తగిలి క్రిందికి మరలివచ్చును. పగలు నెల్లూరుకు 7 మెగాహెర్ట్జులు మంచిది. తరంగము దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, గొడుగు మీద నుండి జారిన చినుకులవలె నాలుగు వందల కిలోమీటర్ల లోపున అన్ని దిక్కుల రాలును. రాత్రి పొద్దుపోయిన కొలది పొర పలుచనగును. అప్పుడు ఆ తరంగమే పొరను చీల్చుకొని శూన్యములోనికి పోవును. దగ్గరివానితో మాటలాడవలెనన్న 3.5కు దిగవలెను. విదేశములకైతే 14, 21 కావలెను.

మామూలు తీగ సాధారణముగా ఒక్క బ్యాండునకే సరిపోవును. నడుమ త్రుంచి కేబులు కలిపిన సామాన్య డైపోలు పొడవు తరంగములో సగము ఉండవలెను. 7 మెగాహెర్ట్జులకు సుమారు 20 మీటర్లు, 14కు సుమారు 10 మీటర్లు. ఒకదాని పొడవు వేరొకదానికి పనికిరాదు. కారణమేమన, తీగ వెంట బయలుదేరిన విద్యుత్తరంగము కొసకు పోయి, దారి లేక వెనుకకు మరలును. పొడవు సరిగా కుదిరిన బ్యాండులో పోవునదియు వచ్చునదియు ఒద్దికగా కలియును. కుదరని బ్యాండులో తిరిగివచ్చిన శక్తి సెట్టునే పట్టి కుదుపును.

రైల్వేవాళ్లము కనుక మా భాషలో చెప్పెదము. మన సెంట్రల్ స్టేషను చూడుడు. పట్టాలు అక్కడ అంతమగును. వచ్చిన ప్రతి బండియు మరల వెనుకకే పోవలెను. ఏ బండి ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు పోవునో లెక్క తప్పినచో ప్లాట్‌ఫారములు బిగుసుకొనును. సామాన్యమైన తీగ కొస అటువంటిది. ఇక కొన్ని స్టేషన్ల చివర పక్క లైనులో ఇసుకదిబ్బ ఉండును. పట్టు తప్పిన బండి దానిలోనికి పోయిన చక్రములు ఇసుకలో దిగబడి, బండి వేగమంతయు ఇసుక మ్రింగివేయును. ఎంత వేగముగా వచ్చినదను లెక్క లేదు. వచ్చినది వెనుకకు రాదు. తీగ చివర అటువంటి ఇసుకదిబ్బ పెట్టినచో? తిరుగుటపా ఉండదు. తిరుగుటపా లేనప్పుడు పొడవు లెక్క ప్రాముఖ్యము తగ్గును. ఒకే తీగ అనేక తరంగములను ఇంచుమించు ఒకే తీరున స్వీకరించును. ఆ ఇసుకదిబ్బయే రెసిస్టరు.

ఈ ఉపాయము నూరేండ్ల నాటిది. హెరాల్డ్ బెవరేజి అను అమెరికా ఇంజనీరు నేలకు కొలది అడుగుల ఎత్తున పొడవుగా లాగిన తీగ చివర రెసిస్టరు కట్టి, దానిని భూమికి కలిపినాడు. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అమెరికా నుండి స్కాట్లండుకు పోయి, ఆర్డ్రోసన్ అను ఊరి దగ్గర, సముద్రపుటొడ్డున, చలిలో, వానలో, డేరా వేసికొని, 1,300 అడుగుల అట్టి తీగ లాగి కూర్చున్నాడు. అట్లాంటికుకు ఆవలి అమెరికా హామ్‌ల చిన్న సెట్ల పలుకులు ఆ తీగ మీదనే విన్నాడు. పొట్టి తరంగములు మహాసముద్రము దాటవని పెద్దలనుకొన్న రోజులవి. తరువాత 1931 ప్రాంతమున ఎడ్మండ్ బ్రూస్ వజ్రాకారముగా నాలుగు తీగలు లాగి, కొసన రెసిస్టరు పెట్టిన రాంబిక్ ఏరియలు తెచ్చినాడు. ఖండాంతర టెలిఫోను సంభాషణలకు అది చిరకాలము ఉపయోగపడినది. కాని వీటికి ఎకరాల కొలది స్థలము కావలెను. పెరంబూరు మేడ మీద ఎకరములెక్కడివి?

మాబోటివారికి పనికివచ్చినది వేరొకటి. అమెరికా నౌకాదళములో ప్రయోగించిన దానిని కౌంట్రీమన్ అను ఆయన 1949లో హామ్‌ల పత్రికలో ప్రకటించినాడు. వాలుగా కట్టి, మడచి, రెసిస్టరుతో ముగించిన డైపోలు అది. మడచిన డైపోలు అనగా సమాంతరముగా రెండు తీగలు, రెండు కొసలును కలిపినవి – బట్టలారవేయు జంటతాళ్ల వంటిది. క్రింది తీగ నడుమ త్రుంచి సెట్టు నుండి వచ్చు కేబులు కలుపవలెను. పై తీగ నడుమ త్రుంచి రెసిస్టరు పెట్టవలెను. ఒక కొస ఎత్తుగా, ఒక కొస పల్లముగా, సుమారు 30 డిగ్రీల వాలున కట్టవలెను. వాలున కట్టుటచేత అన్ని దిక్కులకు ఇంచుమించు సమానముగా పలుకునని ఆయన చెప్పినాడు. ఇంతకు ఈ మొత్తము ఒక్క తీగయే. జంటతాడును మా యజమానురాలు ఒక్కటిగానే లెక్కపెట్టినది, దేవుని దయ.

కొలతలు అడుగువారుందురు కనుక చెప్పుచున్నాము. 50,000ను మనకు కావలసిన కనిష్ఠ తరంగపు కిలోహెర్ట్జులతో భాగించిన, నడిమి నుండి ఒక చేయి పొడవు మీటర్లలో వచ్చును. 3,000ను అట్లే భాగించిన రెండు తీగల నడుమ ఎడము వచ్చును. మేము 7,000 కిలోహెర్ట్జులు పట్టుకొన్నాము. చేయి 7.14 మీటర్లు, మొత్తము 14.3 మీటర్లు, అనగా 47 అడుగులు. ఎడము 43 సెంటీమీటర్లు, 17 అంగుళములు. అక్కడి నుండి దాదాపు ఐదు రెట్ల తరంగము వరకు, అనగా 28 బ్యాండు కూడ దాటి, ఒకే తీగ పనిచేయును. వాలు వలన మేడ మీద ఆక్రమించునది 41 అడుగులే. నీళ్ల ట్యాంకు మీద నిలిపిన ఇనుపగొట్టమునకు పై కొస, పిట్టగోడ దగ్గర వెదురునకు క్రింది కొస. క్రింది కొస మనిషి చేతికందని ఎత్తున ఉండవలెను, ఏలయన మాటలాడునప్పుడు ముట్టుకొన్న చెయ్యి కాలును. ఇంటి వైరింగుకు వాడు రాగి తీగయే తీగ. ఎలక్ట్రీషియనులు వాడు ప్లాస్టిక్ గొట్టముల ముక్కలు నాలుగడుగులకొకటి చొప్పున కట్టి ఎడము చెడకుండ చూచినాము. టీవీ కేబులు 75 ఓములది. దానిని నాలుగింతలు చేసి 300 ఓములుగా చూపించు బేలన్ అను చిన్న ట్రాన్స్‌ఫార్మరు నడుమ పెట్టినాము. రెసిస్టరు 390 ఓములు.

ఈ రెసిస్టరు దగ్గరనే మేము పప్పులో కాలు వేసినాము. రిచీ వీథికి పోయి, లావుగా, గట్టిగా కనబడిన సిమెంటు రెసిస్టరు కొని తెచ్చి బిగించినాము. 7 మీద బాగుగనే పలికినది. 14 మీద తిరుగుటపా పెరిగినది. 28 మీద సెట్టు మొరాయించినది. వారము దినములు ముడులన్నియు విప్పి కట్టినాము, బేలను మరల చుట్టినాము. చివరకు మాస్టారికి ఫోను చేసితిమి. ఆయన నవ్వి, “ఆ సిమెంటు పగులగొట్టి లోపల చూడు అబ్బయ్యా” అన్నారు. పగులగొట్టగా లోపల తీగ చుట్టలు చుట్టలుగా ఉన్నది. అది రెసిస్టరు మాత్రమే కాదు, కాయిలు కూడ! తరంగము హెచ్చిన కొలది కాయిలు అడ్డుగోడయై నిలుచును. ఇసుకదిబ్బ అనుకొని రాతిగోడ కట్టినామన్నమాట. తరువాత చుట్టలు లేని రకము, 3,900 ఓములవి, ఒక్కొక్కటి 2 వాట్లవి, పది కొని పక్కపక్కన కలిపినాము. పదింటిని అట్లు కలిపిన 390 ఓములు, 20 వాట్లు. మా సెట్టు 50 వాట్లు. శక్తిలో మూడవ వంతునకు మించి రెసిస్టరు తట్టుకొనగలిగిన చాలునని పాత లెక్క. ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, వాన నీరు నిలువకుండ అడుగున చిల్లి పెట్టినాము.

ఇప్పుడు ఈ తీగ లోపము కూడ చెప్పవలెను. లేనిచో సరుకు అమ్మువాని మాట అగును. ఇసుకదిబ్బ వేగమును మ్రింగునట్లే రెసిస్టరు మన శక్తిని మ్రింగి వేడిగా మార్చును. ఒక్కొక్క బ్యాండులో మూడవ వంతు, ఒక్కొక్క దానిలో సగము, అడుగు తరంగముల మీద అంతకంటె ఎక్కువ. అందుచేత పెద్ద హామ్‌లు కొందరు ఈ తీగను చూచి నవ్వుదురు. వారి మాట నిజమే. కాని సగము శక్తి పోయిన అవతలివాని మీటరులో తగ్గునది ఒక గీతలో సగమే. వినునప్పుడైతే నష్టము అసలు తెలియదు. ఆకాశపు గరగరయు, అవతలివాని మాటయు సమానముగానే తగ్గును కనుక మాట స్పష్టత చెడదు. ఈ తుది వాక్యము దయచేసి గుర్తుంచుకొనుడు. రాబోవు కథకు అదే ముడి.

2023 డిసెంబరు 4వ తేదీ. మిచాంగ్ తుపాను. పట్టణము మరల నీళ్లలో పడినది. విమానములు ఆగినవి, బండ్లు ఆగినవి. మా వీథిలో ఉదయమే కరెంటు పోయినది. తరువాత సెల్‌ఫోనులు పోయినవి. ఇంటిలో ఇన్వర్టరు బ్యాటరీ ఉన్నది. పిడుగులు లేవని రూఢి చేసికొని, తీగ సెట్టునకు తగిలించినాము. పదకొండు గంటలకు 7 మెగాహెర్ట్జుల మీద మాస్టారిని పిలిచినాము. రెండవ పిలుపునకు జవాబు వచ్చినది. “సన్నగా వినబడుచున్నావు గాని, మాట తెలియుచున్నది. ఏమబ్బయ్యా, నీళ్లు ఎంతవరకు?” 2015లో మూడు దినములకు గాని చేరని మాట ఆనాడు రెండు నిమిషములలో చేరినది. మాస్టారు మా ఇంటివారికి చుట్టము వంటివారు. అటు ఫోనులు పలుకుచునే ఉన్నవి.

క్రింది వాటాలోని ఇల్లాలు మా మాటలు విని పైకి వచ్చినది. ఆమె పుట్టిల్లు కావలి. “మా అమ్మకు ఒక్క మాట చెప్పించండి అన్నా” అన్నది. మాకు గొంతు పట్టుకొన్నది. హామ్ సెట్టు తపాలా ఆఫీసు కాదు. ఇతరుల సందేశములు మోయుటకు నిబంధన ఒప్పదు. విపత్తులలో కలెక్టరు మొదలగు అధికారుల సందేశములు చేరవేయుటకు మాత్రమే అందులో చోటున్నది. లైసెన్సు పోయిన మొదటికే మోసము. ఆ సంగతి ఆమెకు ఉన్నదున్నట్లు చెప్పినాము. ఆమె కొంచెము సేపు ఊరకుండి, “పోనీ, కావలిలో గాలి ఎట్లున్నదో అడగవచ్చునా?” అన్నది. వాతావరణము అడుగుటకు అభ్యంతరమేమి? అడిగినాము. “కావలి వైపు వాన గట్టిగానే ఉన్నది, గాలి ఇంకా పెరగలేదు, జనము జాగ్రత్త పడినారు” అని మాస్టారు చెప్పినారు. ఆమె “కావలి” అన్న మాట సెట్టులో వినబడినంత వరకు నిలుచుండి, కన్నులు తుడుచుకొని దిగిపోయినది.

సాయంకాలమునకు తుపాను మమ్ములను విడిచి ఉత్తరముగా కదలినది. అనగా నెల్లూరు వైపు, బిట్రగుంట వైపు, మా అమ్మ వైపు. అది బాపట్ల దగ్గర తీరము దాటినది మరునాడు. నడిమి రాత్రి వారిది.

అర్ధరాత్రి దాటినది. 7 మెగాహెర్ట్జుల మీద మాస్టారు మాయమైనారు. ఎక్కడివో దూరదేశపు గొంతులు గణగణ పలుకుచున్నవి. రెండు వందల కిలోమీటర్ల ఆవలి మనిషి లేడు. పొర పలుచబడినదని తెలిసినది. 3.5కు దిగినాము. మాస్టారు అక్కడనే ఉన్నారు! గరగరలో మునిగి తేలుచు మమ్ములనే పిలుచుచున్నారు. జవాబు చెప్పినాము. ఆయనకు వినబడలేదు. మరల చెప్పినాము. వినబడలేదు. మా తీగ 7కు కట్టినది. దానికి సగము తరంగము మీద మా 50 వాట్లలో బహుభాగము రెసిస్టరులోనే వేడియై పోవుచున్నది, బయలుదేరునది బొట్టు. వినుటకు మాత్రము, ఇందాక మనవి చేసినట్లు, ఆ నష్టము అడ్డము రాలేదు. మేము వినగలము, చెప్పలేము.

కొంతసేపటికి మాస్టారు గ్రహించినారు. “అబ్బయ్యా, నీవు వినుచున్నావనే అనుకొని చెప్పుచున్నాను” అని మొదలుపెట్టినారు. గంటకొకసారి, తెల్లవారుదాక. ఒకసారి, “గాలి హెచ్చినది. అమ్మ పక్కింటి డాబాలోనికి పోయినదట.” మరొకసారి, “బిట్రగుంటకు ఫోను కలియుట లేదు. దిగులు పడకు.” ఆ తరువాతి గంట ఎట్లు గడచినదో మేము చెప్పలేము. మైకు చేతిలో ఉన్నది, నొక్కిన ప్రయోజనము లేదు. నాలుగింటికి, “ఫోను కలిసినది. అమ్మ క్షేమము. వసారా రేకులు లేచిపోయినవి, అంతే. వినుచున్నావా?” వినుచున్నాము, మాస్టారూ, అని బిగ్గరగా అన్నాము. వినినది గోడలు. ఎనిమిదేండ్ల క్రిందట అమ్మ ఎట్లు కూర్చున్నదో ఆ రాత్రి మాకు తెలిసినది.

పొద్దు పొడిచిన తరువాత 7 మీద మరల కలిసినాము. మొదటి మాటగా మాస్టారికి నమస్కారము చెప్పినాము.

ఈ కథవలన తేలిన సంగతులు రెండు. మొదటిది, ఒక్క తీగతో బ్రతుకవలసినవారికి ఈ రెసిస్టరు తీగ మంచి తోడు. పగలు మమ్ములను ఆదుకొన్నది అదే. రెండవది, ఏ కనిష్ఠ తరంగమునకు కొలత వేసితిమో అదియే దాని ఎల్ల. మేము స్థలము చూచి 47 అడుగులు కట్టినాము. రాత్రి మాటకు 94 అడుగులు కావలెను. 3,500 కిలోహెర్ట్జుల లెక్కకు మొత్తము పొడవు 28.6 మీటర్లు, ఎడము 86 సెంటీమీటర్లు, పట్టు తీగ 59 మీటర్లు. అంత పొడవును 30 డిగ్రీల వాలున కట్టవలెనన్న పై కొస పదహారు మీటర్ల ఎత్తున ఉండవలెను. అంత స్తంభము లేనప్పుడు అడ్డముగానే కట్టవచ్చును. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వంటి దగ్గరి ఊళ్లకు తక్కువ ఎత్తున అడ్డముగా కట్టిన తీగయే మేలు.

ఇక మా విన్నపము. మన సంఘపు భవనము మేడ ఈ చివరి నుండి ఆ చివరకు నూరడుగులకు పైబడి ఉన్నది. నిన్న కార్యదర్శిగారు, మేము టేపు పట్టి కొలిచినాము. అక్కడ ఒక్క తీగ, 94 అడుగులది, కట్టుకొననిండు. తీగ, గొట్టములు, రెసిస్టర్లు మేము తెచ్చెదము. పిడుగుల రక్షణకు ఎర్తు, కరెంటు తీగలకు దూరము, పై అంతస్తువారి అనుమతి, లైసెన్సులో ఆ చోటు చేర్పించుట – ఈ నాలుగును సరిగా జరుగవలెను. ఇందులో తొందర పనికిరాదు. అన్నిటికంటె ముఖ్యము, సెట్టు ముందు కూర్చుండుటకు మనుష్యులు కావలెను. పండ్రెండేండ్లు నిండిన పిల్లలు పరీక్షకు పోవచ్చును. మొదటి తరగతి లైసెన్సునకు మోర్సు కోడు కూడ అక్కరలేదు. ఆదివారము సాయంకాలములు మేము చెప్పుటకు సిద్ధము. పదవ తరగతి చదివినవానికి పట్టుబడిన విద్య తమ పిల్లలకు పట్టుబడకపోదు. ఆడపిల్లలను తప్పక పంపుడు. అండమాను ఉదాహరణ ముందే మనవి చేసినాము.

ఇందాక ఉగాది పచ్చడి అందరము తిన్నాము. వేపపూవు లేని పచ్చడి తియ్యగా ఉండును గాని పచ్చడి కాదు. మా తీగలో ఆ రెసిస్టరు వేపపూవు వంటిది. కొంత శక్తిని అది తినివేయును. ఆ చేదు ఒప్పుకొన్నందుననే ఒక్క తీగ అన్ని బ్యాండులకు పలుకుచున్నది. ఆ సంగతి తెలిసి కట్టుకొన్నవారు మోసపోరు.

ఊరు విడిచి వచ్చిన మనకు ఆస్తులు వేరు, అంతస్తులు వేరు. అక్కడ ఒక ముసలి తల్లి, ఇక్కడ ఒక మూగ ఫోను – ఇది మాత్రము అందరికి సమానము. మరల తుపాను రాక మానదు. ఈసారి అది రాత్రి వచ్చినప్పుడు మనము వినుటయే కాక, జవాబు కూడ చెప్పగలిగి యుండవలెను.